మొసలి ఒంటిమీది పొడలు

సందేహం: మొసలి చర్మం మీది చిన్న చిన్న చుక్కల్ని ఒక సైన్సు వ్యాసంలో ‘చర్మ జ్ఞానేంద్రియ అవయవాలు’ అని రాశారు. ఇది ఒప్పేనా? తెలుగులో వేరే మాట ఉందా?

సమాధానం: ఇంద్రియం అన్నాక మళ్లీ అవయవం దేనికండీ? ‘కంటి నేత్రం’ అన్నట్టుంది. పైగా మనవాళ్ల లెక్కలో చర్మమంతా కలిపి ఒకటే ఇంద్రియం, త్వక్కు.

చుక్కలంటున్నాం గానీ అవి సన్నటి గుండ్రటి ఉబ్బులు. మొసలికి దగ్గరి చుట్టమైన ఎలిగేటరుకు తలమీదే, అదీ దవడల చుట్టూ ఎక్కువ. మన మంజీర మొసలికి ఒళ్లంతా, పొలుసు పొలుసుకూ ఉంటాయి. తోలు వ్యాపారులు పొట్టమీది పొలుసు అంచున ఈ చుక్క ఉందో లేదో చూసి సంచీ మొసలిదో ఎలిగేటరుదో చెప్పేస్తారు. చీకట్లో సగం మునిగిన ఎలిగేటరు ఒక్క నీటిబొట్టు పడినా అటు తిరుగుతుందని 2002లో ప్రయోగం చేసి చూపారు. ఆ ఉబ్బుల్ని కప్పేస్తే తిరగలేదు.

ఇది చదవగానే నాకు పోతన గారి మకరి గుర్తొచ్చింది. ‘సరసిలో నుండి పొడగని సంభ్రమించి’ అన్నాడాయన. ఏనుగులు మడుగును అంతలా కలచివేస్తుంటే ఆ అలలు దాని ఒంటికి తగలవా? కవి ఉత్త ‘కని’ అనలేదు, ‘పొడగని’ అన్నాడు. పొడ అంటే రూపు, జాడ. ‘వాడి పొడ గిట్టదు’ అంటామే, ఆ పొడే. పొడ అంటే మచ్చ అని కూడా అర్థం. చిరుత ఒంటిమీదివి పొడలే. పోతనకు ఈ సైన్సంతా ముందే తెలుసని నేననను, అలా అనేవాళ్లు వేరే ఉన్నారు. ఒంటినిండా పొడలున్న జీవి పొడగనడం నాకు ముచ్చటేసింది, అంతే. ఇంత మంచి మాటకు ఇవాళ పత్రికల్లో మిగిలిన ఉద్యోగం ‘పార్టీలో విభేదాలు పొడచూపాయి’ అన్న హెడ్డింగొక్కటే!

మొసలికి గ్రాహమనీ పేరుంది. గ్రాహమంటే పట్టుకునేది. ఇంగ్లీషువాళ్ల ‘మగర్’ మన మకరమే.

మీ వ్యాసకర్త ‘తాకుడు పొడలు’ అంటే నాకిష్టం. కాకపోతే పొడ అనగానే చర్మరోగం తలచుకునేవాళ్లున్నారు, పైగా పొడ చదునుగా ఉంటుంది, ఇవేమో ఉబ్బి ఉంటాయి. అలాంటివాళ్లు ‘స్పర్శ బుడిపెలు’ అనుకోవచ్చు. సంస్కృతం మాటకు తెలుగు మాట అతికిన మిశ్రసమాసమని నేనైతే దెబ్బలాడను. ఆ ‘అవయవాలు’ మాత్రం తీసేయించండి.