నీ ఉష్ణోగ్రతల ప్రోగ్రామ్ చదివాక

అమ్మలూ,

ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌గా మార్చి, ఏడు ఉష్ణోగ్రతల సగటు చెప్పేలా నువ్వు సీ భాషలో రాసి పంపిన ప్రోగ్రామ్ రెండుసార్లు చదివాను, తర్వాత నడిపించి చూశాను. ఇంత తొందరగా అరేలు (అంకెల వరుసలు), లూపులు (ఒకే పని మళ్లీమళ్లీ చేయించేవి) దాకా వచ్చావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. "ఎర్రర్లు ఏమీ లేవు పెదనాన్నా, జవాబులు కూడా వస్తున్నాయి" అని రాశావు. ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. 212 ఫారన్‌హీట్ ఇస్తే నీ ప్రోగ్రామ్ 100.01 సెల్సియస్ అంది. రావాల్సింది సరిగ్గా 100.

ఆ 0.01 ఎక్కడిదా అని వెతికితే, 32 తీసేసి 5 / 9తో గుణించాల్సిన చోట 0.5556 కనబడింది. దాని పైనే నువ్వు కామెంటు చేసి (నడవకుండా పక్కన పెట్టి) వదిలేసిన పాత లైను ఉంది, అందులో 5 / 9 అని ఉంది. ఏం జరిగిందో అర్థమైంది. మొదట 32 ఇచ్చి చూసి ఉంటావు. దానికి సున్నా వచ్చింది, సరైన జవాబూ సున్నానే, కాబట్టి బాగుందనుకున్నావు. తర్వాత ఏ అంకె ఇచ్చినా సున్నానే వస్తుంటే టెన్షన్ పడి, కాలిక్యులేటర్‌లో 5ని 9తో భాగించి వచ్చింది పెట్టేశావు. జవాబు దగ్గరకు వచ్చింది గానీ అసలు కారణం అలాగే ఉండిపోయింది.

కారణం ఇది. సీ భాషలో పూర్ణసంఖ్య రకాన్ని ఇంట్ అంటారు. అలాంటి రెండు ఇంట్‌లను భాగిస్తే వచ్చేది ఇంటే. చుక్క తర్వాతి భాగాన్ని సీ గుండ్రం చేయదు, కోసి పారేస్తుంది. 5 / 9 అంటే సున్నా, 9 / 5 అంటే 1. 5.0 / 9.0 అని రాస్తే ఆ లెక్క చుక్క ఉన్న సంఖ్యలను దాచే డబుల్‌లో జరుగుతుంది. ఒక చుక్క, ఒక సున్నా, అంతే తేడా.

ఈ కారణం తెలియకపోవడం వల్లే సగటు దగ్గర మళ్లీ అదే తప్పు చేశావు. ఏడు ఉష్ణోగ్రతలు కలిపితే మొత్తం 690 వచ్చింది, దాన్ని 7తో భాగించి, డబుల్ లాంటిదే అయినా చిన్నదైన ఫ్లోట్‌లో పెట్టావు. 98.57 రావాల్సిన చోట 98.00 వచ్చింది. ఎడమవైపు ఫ్లోట్ ఉంది కదా అని నీ ధైర్యం. కానీ భాగహారం జరిగేటప్పుడు ఎడమవైపు ఏముందో సీ చూడదు. ముందు ఇంట్‌గా భాగించి, వచ్చిన 98ని తీసుకెళ్లి ఫ్లోట్‌లో పోస్తుంది. భాగించక ముందే మొత్తాన్ని డబుల్‌గా మార్చాలి. (డబుల్)మొత్తం / సంఖ్య అని రాయి. బ్రాకెట్ పెట్టి (డబుల్)(మొత్తం / సంఖ్య) అన్నావంటే ఆ 98నే డబుల్ చేసినట్టు, ప్రయోజనం లేదు. సంఖ్య సున్నా అయితే భాగహారం దాకా వెళ్లనే వెళ్లకు, ముందే చూసి ఆపు.

ఇక ఫ్లోట్ సంగతి. మామూలు లెక్కలకు ఫ్లోట్ వాడకు, డబుల్ వాడు. ఫ్లోట్ నమ్మకంగా మోసేది ఆరేడు అంకెలు, డబుల్ దాదాపు పదిహేను. నేను నేర్చుకునే రోజుల్లో లూపులో ఒక్కొక్కటే కలుపుతూ ఒక లెక్క ఫ్లోట్‌లో పెట్టాను. 1,67,77,216 దగ్గర అది ఆగిపోయింది. ఎన్నిసార్లు ఒకటి కలిపినా అదే అంకె. లూపు తప్పేమోనని ఒక రాత్రంతా వెతికాను. ఆ సంఖ్య రెండుకు 24వ ఘాతం. దాని తర్వాతి పూర్ణసంఖ్యకు ఫ్లోట్‌లో చోటు లేదు, కాబట్టి కలిపిన ఒకటి కలిపినట్టే పోయింది. లెక్కపెట్టే వస్తువులకు ఇంట్, కొలిచే వాటికి డబుల్ అని అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

డబుల్ వాడినా 0.1 సరిగ్గా 0.1 కాదని గుర్తుంచుకో. మూడో వంతును దశాంశాల్లో రాస్తే 0.333 అని సాగుతూనే ఉంటుంది చూడు, పదో వంతు కంప్యూటర్ వాడే 0, 1ల లెక్క అయిన బైనరీలో అలాగే సాగుతుంది. ఎక్కడో ఒకచోట తెగ్గొట్టాల్సిందే. అందుకే 0.1కి 0.2 కలిపి 0.3తో సమానమా అని అడిగితే కాదంటుంది. నీ రెండో లూపు సున్నాతో మొదలై 0.1 చొప్పున పెరుగుతూ 1.0కి సమానం అయ్యేదాకా తిరగాలి. అది 1.0ని తాకకుండా దాటిపోతుంది, ఇక ఆగదు. లూపును ఇంట్‌తో 0 నుంచి 10 దాకా తిప్పి, లోపల 10.0తో భాగించుకో. రెండు డబుల్‌లను పోల్చాల్సి వస్తే తేడా ఎంత ఉందో, ప్లస్ మైనస్ గుర్తు వదిలేసి అంకె మాత్రమే ఇచ్చే ఫ్యాబ్స్‌తో చూడు. ఎంత తేడాను సరే అనుకోవాలో నీ లెక్కను బట్టి నువ్వే తేల్చుకోవాలి.

నువ్వు ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ అంకె దాకా అన్నిటినీ గుణించడం) కూడా రాస్తున్నానన్నావు. మామూలుగా ఇప్పటి యంత్రాల్లో ఇంట్ 2,14,74,83,647 దాకానే పడుతుంది. 12 ఫ్యాక్టోరియల్ 47,90,01,600, అది సరిపోతుంది. 13కి చోటు చాలదు. ఇంట్ కంటే పెద్దదైన లాంగ్ లాంగ్ పెడితే 20 దాకా వెళ్లొచ్చు. గీత దాటితే ప్రోగ్రామ్ కేకపెట్టదు. ఏం జరగాలో సీ భాష ఏ హామీ ఇవ్వలేదు. చాలాసార్లు నిజమనిపించే తప్పు అంకె వస్తుంది, అదే ప్రమాదం. 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, బయల్దేరిన 40 సెకన్లలోపే ముక్కలైంది. పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్న కోడ్‌లో 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చే చోటు ఒకటుంది. కొత్త రాకెట్ వేగానికి ఆ అంకె పట్టలేదు. ఆ కోడ్ రాసింది ఏడా భాషలో, సీలో కాదు. కానీ చోటు చాలకపోవడం ఏ భాషలోనైనా ఒకటే. పెట్టె ఎంతుందో, అందులోకి వచ్చే అతి పెద్ద అంకె ఎంతో రాసే ముందే అనుకో.

టైపు చేసిన అంకెలను చదివే స్కాన్ఎఫ్ గురించి ఒక మాట. అది ఎన్ని అంకెలు చదవగలిగిందో నీకు తిరిగి చెబుతుంది, నువ్వు ఆ జవాబు వినడం లేదు. నేను అంకెకు బదులు అక్షరం కొట్టాను, నీ లూపు ఆగకుండా తిరిగింది, ఎందుకంటే ఆ అక్షరం అక్కడే కూర్చుంది. ఒక్క అంకె అడిగితే 1 వచ్చిందో లేదో చూడు, రాకపోతే ఆ లైను మిగతాదంతా చదివి పడేసి మళ్లీ అడుగు. ఇంకోటి, డబుల్ చదవడానికి స్కాన్ఎఫ్‌లో పర్సెంట్ ఎల్ఎఫ్ (%lf) కావాలి. తెరపై చూపించే ప్రింట్ఎఫ్‌లో పర్సెంట్ ఎఫ్ (%f) చాలు. ఇది అందరినీ తికమక పెడుతుంది.

కంపైల్ చేసేటప్పుడు -వాల్, -వెక్స్‌ట్రా (-Wall, -Wextra) రెండూ పెట్టుకో, అవి హెచ్చరికలు చూపిస్తాయి. డబుల్ చదివే చోట పర్సెంట్ ఎఫ్ పెట్టడం లాంటి పొరపాటు వెంటనే పట్టిస్తాయి. 5 / 9 గురించి మాత్రం అవీ ఏమీ అనవు, ఎందుకంటే సీ దృష్టిలో అది తప్పే కాదు.

రాసే తీరుకు వస్తే, టి1, టి2, ఎక్స్ అన్న పేర్లు చూసి టి2 ఫారన్‌హీటా సెల్సియసా తెలుసుకోవడానికి నేను పైకీ కిందకీ మూడుసార్లు తిరిగాను. కొలత పేరులోనే ఉండాలి. 7 అన్న అంకె ఐదు చోట్ల రాశావు, దానికి ఒక పేరు పెట్టి పైన ఒక్కచోట ఉంచు. ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ దగ్గర వాయిడ్ మెయిన్ మానేసి ఇంట్ మెయిన్ రాయి. "ఐని ఒకటి పెంచుతున్నాం" లాంటి కామెంట్లు తీసెయ్, 32 ఎందుకు తీసేస్తున్నావో చెప్పేది ఉంచు.

అన్నిటికంటే నాకు ముఖ్యం అనిపించేది, మెయిన్‌లో ఇరికించిన మార్పిడి లెక్కను వేరే ఫంక్షన్‌గా తీయడం. అందం కోసం కాదు. విడిగా ఉంటే విడిగా పరీక్షించవచ్చు. 32కి 0, 212కి 100, -40కి -40 రావాలి (రెండు కొలతలూ కలిసేది అక్కడే). మొదటి రోజే 212 ఇచ్చి ఉంటే 5 / 9 సంగతి అప్పుడే బయటపడేది.

ప్రోగ్రామ్ మొత్తం ఒకేసారి మార్చాలని చూడకు. ముందు ఆ ఒక్క ఫంక్షన్ రాసి, ఈ మూడు అంకెలకూ ఏం వచ్చిందో నాకు పంపు. సగటు సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న