ఫలితాల్లో నంబరు లేని మేనకోడలికి

చిరంజీవి సుజాతకు,

మామయ్య ఆశీస్సులు. సివిల్స్ ప్రధాన పరీక్ష ఫలితాల్లో నీ నంబరు లేదని మీ అమ్మ నెల్లూరు నుంచి ఫోను చేసి చెప్పింది. చెన్నైలోనే ఉన్నాం, విల్లివాక్కం నుంచి అన్నానగర్‌లోని నీ హాస్టలు ఎంతో దూరం కాకపోయినా ఉత్తరమే రాస్తున్నాను, ఎందుకంటే ఎదురుగా కూర్చుని చెబితే నువ్వు మర్యాద కోసం అన్నిటికీ తల ఊపుతావు; కాగితం మీదిదైతే నచ్చనిచోట నాతో నిశ్చింతగా పోట్లాడవచ్చు.

ఈ వారం నువ్వు ఎవరి ముందూ ధైర్యంగా కనిపించనక్కరలేదు. ఏడుపొస్తే ఏడువు, పుస్తకాలు కట్టిపెట్టి నెల్లూరు వెళ్లి నాలుగు రోజులు ఉండిరా. "అంతా మన మంచికే" అనే మాట చుట్టాలు ఈపాటికి మొదలుపెట్టే ఉంటారు. నాకు ఆ మాట ఏనాడూ రుచించలేదు. ఏళ్ల తరబడి పడిన శ్రమ చేజారినవారితో అలా అనడం ఓదార్చడం కాదు, నోరు మూయించడం.

అయితే బాధపడటం వేరు, తనమీద తానే తీర్పు చెప్పుకోవడం వేరు. "నాకంత తెలివి లేదు" అన్నావట మీ అమ్మతో. ఏ ఆధారంతో అన్నావు? ప్రధాన పరీక్షలో తప్పినవారి మార్కులు తుది ఫలితాలు వెలువడ్డాక గానీ బయటికి రావు కదా, మరి పోయింది వ్యాసంలోనో, నువ్వు ఎంచుకున్న ఆప్షనల్ సబ్జెక్టులోనో, ఎథిక్స్ పేపరులోనో నీకే ఇంకా తెలియనప్పుడు మొత్తం మనిషినే తప్పుపట్టడం ఏం న్యాయం? మా పెరంబూరు కర్మాగారంలో తనిఖీలో నిలిచిపోయిన రైలుపెట్టెకు ఏ భాగంలో ఏ లోపమో రాసేవారే తప్ప, పెట్టె పనికిరాదని రాసేవారు కారు. మొదటి రెండుసార్లు తొలి వడపోత పరీక్ష ప్రిలిమ్సే దాటనిదానివి ఈసారి దాటావన్నది కూడా ఆ లెక్కలో చేరవలసిన విషయమే.

2017 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి యువకుడు దురిశెట్టి అనుదీప్‌కు మొత్తం 2025 మార్కుల్లో వచ్చినవి 1126, అంటే నూటికి 56 కూడా నిండలేదు. అది ఆయనకు ఐదో ప్రయత్నమని నీ కోచింగు సెంటరులో నీకు ఎన్నోసార్లు చెప్పే ఉంటారు. అందరూ ఆ ఐదు అనే అంకెను చూస్తారు. నేను మాత్రం అప్పటికే ఆయన రెవెన్యూ సర్వీసులో ఉద్యోగం చేస్తున్నారన్న సంగతిని చూస్తాను. అన్నిసార్లూ తప్పి ఇంటిదారి పట్టినవారి ఫోటోలు ఏ కోచింగు సెంటరు గోడమీదా ఉండవు గనుక, పట్టుదల ఒక్కటే చాలునని ఆ గోడలను చూసి నమ్మవద్దు. నిలదొక్కుకోవడానికి కాలికింద ఇంకో ఆధారం ఉన్నవారు పరీక్ష తప్పినా పూర్తిగా కూలిపోరు, అంతకంటె ముఖ్యంగా, పరీక్ష హాలులో భయపడకుండా రాయగలుగుతారు. నేను నీకు చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

కాబట్టి సంపాదన ఒకటి చూసుకో. చిన్నదైనా ఫరవాలేదు, సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పినా, కొత్తగా చేరినవారి జవాబులు దిద్దినా నెల ఖర్చులో కొంత నీ చేతిమీదుగా గడుస్తుంది, పైగా నీకు తెలిసినదెంతో నీకే కనబడుతుంది. చదువుకు సమయం తగ్గుతుందంటావేమో. రోజుకు పన్నెండు గంటలు చదివామనేవారి పన్నెండు గంటల మీద నాకు మొదటినుంచీ అనుమానమే.

తొందరపడవద్దని చెప్పడానికి నిబంధనలే నీకు తోడున్నాయి. జనరల్ కేటగిరీకి 6 ప్రయత్నాలు, పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 32 ఏళ్లు నిండకూడదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరు రాసినా ప్రయత్నం కిందికి వస్తుంది, కాని దరఖాస్తు పెట్టి అసలు హాజరుకాకపోతే రాదు. నీకు 26, ఒక ఏడాది ఆగి ఉద్యోగం చేసినా పోయేది వయసులో ఏడాదే తప్ప ప్రయత్నం కాదు. ఇంకా ఎన్నిసార్లు రాస్తావో మాత్రం మనసు కుదుటపడ్డాక నువ్వే తేల్చుకుని, కాగితం మీద పెట్టి మీ నాన్నకు చూపించు. ఆయన అడగడానికి జంకుతున్నాడు, నువ్వు చెప్పడానికి జంకుతున్నావు. ఈ మౌనం ఇద్దరికీ పరీక్షకంటె భారంగా ఉంది.

కటాఫ్ ఊహాగానాలు నడిచే వాట్సాప్ గ్రూపుల్లోంచి ఇవాళే బయటికి రా. పొద్దున్నే టవర్ పార్కులో నడువు, సివిల్స్‌తో సంబంధం లేని స్నేహితురాలితో రోజూ కాసేపు మాట్లాడు. రెండు వారాలు గడిచినా నిద్ర, ఆకలి కుదుటపడకపోతే మొహమాటపడకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చెయ్యి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. అవసరమైతే డాక్టరు దగ్గరికి నేను తోడు వస్తాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. మీ అత్తయ్య పరీక్ష మాట ఎత్తదు. నేను ఎత్తుతాను గనుక, జవాబుగా ఏమంటావో ముందే సిద్ధం చేసుకుని రా.

ఆశీస్సులతో,
మామయ్య