పాలు మానిపించాక జారిన రొమ్ములకి ఇంప్లాంటే దారా?

ప్రశ్న: డాక్టరమ్మగారూ, మాది కావలి. నాకు 32 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, చిన్నోడు పాలు మానేసి రెండేళ్ళయింది. రొమ్ములు బాగా తగ్గిపోయి కిందికి జారినయ్, జాకెట్ కొలతలివ్వాలన్నా కష్టంగా ఉంటంది. మా ఆయన ఏమీ అనడు, ఇది నాకోసమే. చెన్నైలో ఒక క్లినిక్‌కి ఫొటోలు పంపిస్తే 350 సీసీ సిలికాన్ ఇంప్లాంట్, అంటే రొమ్ము లోపల పెట్టే జెల్ సంచి, పెడతాం, ఒక్కసారి పెడితే జీవితాంతం చూసుకోబళ్ళేదు, ఈ నెల్లో అడ్వాన్స్ కడితే తగ్గిస్తాం అంటుండారు. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అందుకని మా అక్క వద్దే వద్దంటది. ఒంట్లో కొవ్వే తీసి పెట్టించుకోవచ్చని ఇంకొకరన్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ అడ్వాన్స్ కట్టబాకమ్మా. మనిషిని చూడకుండా, కొలవకుండా ఫొటో చూసి సీసీలు చెప్పేవాళ్ళని నేను నమ్మను. రొమ్ము అడుగు వెడల్పు సెంటీమీటర్లలో కొలవాల, చర్మం ఎంత సాగిందో చూడాల, పైభాగంలో చిటికెతో పట్టుకుంటే ఎంత మందం వస్తందో చూడాల, అప్పుడుగదా సైజు తేలేది.

అసలు నీకు కావాల్సింది సైజా, పైకి లేవడమా? అద్దం ముందు బ్రా లేకుండా నిలబడి చూసుకో, రొమ్ము కింద ఒక మడత ఉంటది కదా, చనుమొన ఆ మడతకి పైనే ఉంటే ఇంప్లాంట్ ఒక్కటే సరిపోవచ్చు. మడత దాటి కిందికి దిగి నేలచూపు చూస్తంటే మాత్రం ఇంప్లాంట్ దాన్ని పైకి లేపలేదు, బరువు తోడయ్యి ఇంకా జారొచ్చు కూడా. అప్పుడు చేయాల్సింది లిఫ్ట్, అంటే ఎక్కువైన చర్మం తీసేసి చనుమొనని పైకి జరిపి కుట్టడం. మచ్చలు ఎక్కువే, అది ముందే తెలుసుకో. కొందరికి లిఫ్ట్ ఒక్కటే చాలు, లోపల ఏమీ పెట్టాల్సిన పన్లేదు. నువ్వు రాసింది చూస్తే ఈ ప్రశ్న నిన్ను ఎవరూ అడిగినట్టు లేదు, నాకు బాధేసింది అక్కడే.

సైజు సంగతికొస్తే, ఇంట్లో బియ్యం ఉంటయ్ కదా, మన మొలగొలుకులే అయినా సరే, కొలగిన్నెతో 250 మిల్లీలీటర్లు (సీసీ అన్నా మిల్లీలీటరన్నా ఒకటే) కొలిచి పల్చటి గుడ్డ సంచిలో పోసి రెండువైపులా బ్రాలో పెట్టుకొని ఒక రోజంతా ఇంటిపని చేసుకో. సాయంత్రానికి మెడ, వీపు ఏమంటున్నయ్యో తెలుస్తది. ఆ తర్వాత 350 కావాల్నో వద్దో నువ్వే చెప్పగలవ్.

జీవితాంతం చూసుకోబళ్ళేదన్న మాట మాత్రం అబద్ధం. ఇంప్లాంట్ జీవితకాలం ఉండే వస్తువు కాదని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ అదుపు చేసే ఎఫ్‌డీఏ 2021లో లేబుల్‌లో గడి కట్టి మరీ హెచ్చరిక వేయించింది. సంచిలో ఉప్పునీళ్ళు నింపిన రకం పగిలితే రొమ్ము దిగిపోయి వెంటనే తెలిసిపోద్ది, సిలికాన్ పగిలినా చాలాసార్లు పైకి ఏమీ తెలీదు, అందుకే పెట్టిన అయిదారేళ్ళకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ గానీ తీయించమంటారు. కొందరికి ఇంప్లాంట్ చుట్టూ ఒళ్ళు కట్టిన పొర బిగుసుకొని రొమ్ము గట్టిపడి నొప్పి చేస్తది, మళ్ళీ ఆపరేషనే. కాబట్టి నువ్వు డబ్బులు లెక్కేసుకోవాల్సింది ఒక ఆపరేషన్‌కి కాదు, రెండోదానికి కూడా. అందం కోసం చేసే ఆపరేషన్‌కి మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ రాదు, క్యాన్సర్ తర్వాత రొమ్ము తిరిగి చేయించుకోడం వేరే లెక్క.

మీ అక్క భయం సంగతి. ఇంప్లాంట్ వల్ల మామూలు రొమ్ము క్యాన్సర్ పెరుగుతుందని తేల్లేదు. గానీ పైభాగం గరుకుగా ఉన్న ఇంప్లాంట్లతో చుట్టూ ఉండే పొరలో అరుదుగా ఒక రకం లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల క్యాన్సర్, వస్తంది, అట్టాంటి గరుకు ఇంప్లాంట్లలో ఒక రకాన్ని 2019లో ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. అందుకని నున్నటిదా గరుకుదా అని అడుగు, కంపెనీ పేరు, సీరియల్ నంబరు ఉన్న కార్డు తీసుకో. ఏళ్ళ తర్వాత ఒకవైపు ఉన్నట్టుండి వాస్తే ఆలస్యం చెయ్యబాకు. పిన్నికి వచ్చిందన్నావు కాబట్టి ఆపరేషన్‌కి ముందే పరీక్షలు చేయించుకో, తర్వాత మామోగ్రామ్‌కి, అంటే రొమ్ము ఎక్స్‌రేకి, ఎప్పుడెళ్ళినా ఇంప్లాంట్ ఉందని చెప్పు, దాన్ని పక్కకి నెట్టి అదనంగా ఫొటోలు తీస్తారు.

కొవ్వు పద్ధతి మంచిదే, బయటి వస్తువు ఉండదు, గానీ పెరిగేది కొంచెమే, పెట్టిన కొవ్వులో కొంత ఒంట్లో కలిసిపోద్ది. కొన్నిసార్లు గట్టి ఉండలు కడతయ్, స్కానింగ్‌లో వాటిని చూసి కంగారు పడతారు.

ఇంకో బిడ్డని కనే ఆలోచనుంటే ఆగు, కాన్పుతో ఆకారం మళ్ళీ మారిపోద్ది. లేదంటే ఎండాకాలం సెలవుల్లో పెట్టుకో, కొన్ని వారాలు చిన్నోణ్ణి ఎత్తుకోకూడదు, గ్యాస్ బండ జరపకూడదు, ఇంట్లో చెయ్యి సాయం ఉండాల.

సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటారు) గానీ డిగ్రీ ఉండాల, కాస్మెటాలజీ సర్టిఫికెట్ దానికి సమానం కాదు. నెల్లూరులో అయినా చెన్నైలో అయినా ఇద్దరికి చూపించుకో. కోత ఎక్కడ పెడతారు, ఇంప్లాంట్ కండరం పైన పెడతారా కింద పెడతారా, మత్తు ఎవరిస్తారు, రాత్రికి తేడా వస్తే ఫోన్ ఎవరెత్తుతారు, ఇయ్యన్నీ అడిగి కాయితం మీద రాయించుకో.

ప్రశ్న: మా పాపకి 17. ఒంగోల్లో ఇంటర్ చదువుతుంది. ఛాతీ చిన్నదని కుమిలిపోతంది, ఆన్‌లైన్లో క్రీము తెప్పించమంటది. ఇయ్యొచ్చా?

జవాబు: తెప్పించొద్దమ్మా, ఏ క్రీమూ రొమ్ముని పెంచదు. ఈ వయసులో ఎదుగుదల ఇంకా అయిపోలేదు. సైజు పెంచడానికి ఉప్పునీళ్ళ ఇంప్లాంటయితే 18, సిలికానయితే 22 ఏళ్ళు నిండాలని ఎఫ్‌డీఏ పెట్టింది. రెండువైపులా కొంచెం తేడా ఉండటం మామూలే, బాగా ఎక్కువ తేడా ఉన్నా, నెలసరి సరిగ్గా రాకున్నా లేడీ డాక్టర్‌కి చూపించండి. పాపతో ఎవరన్నా ఏమన్నా అన్నారేమో మెల్లగా అడగండి, కాలేజీలోనా, మన చుట్టాల్లోనా అని.