ఆ హార్డ్ డిస్క్‌ను రోజంతా తగిలించి ఉంచకండి

ప్రశ్న: గుంటూరులో మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. 9 కంప్యూటర్లు ఉన్నాయి. పోయిన వారం షాపు తెరిచేసరికి బిల్లింగ్ ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కడితేనే విడిపిస్తామని తెర మీద నోటీసు కనిపించింది. రోజూ బ్యాకప్ తీసే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌దీ అదే పరిస్థితి. ఇకముందు ఏ యాంటీవైరస్ వాడమంటారు?

జవాబు: రెండు నెలల్లో ఇలాంటి ఉత్తరం ఇది ఐదోది. ఊరు మారుతుంది, వ్యాపారం మారుతుంది, చివరి ప్రశ్న మాత్రం అదే. యాంటీవైరస్ ఉండాల్సిందే. కానీ మీ లెక్కలు పోయింది అది లేకపోవడం వల్ల కాదు.

మీరు పంపిన ఫోటోలో హార్డ్ డిస్క్ సర్వర్ వెనక తగిలించే ఉంది, నీలం లైటు వెలుగుతోంది. కేబుల్ మీద దుమ్ము పేరుకుంది. అంటే నెలల తరబడి దాన్ని ఎవరూ ఊడదీయలేదు. కంప్యూటర్‌లో దూరిన రాన్సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) లోపలి డ్రైవూ ఈ డిస్కూ ఒకటే, రెండింటికీ తాళం వేసేస్తుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ దాడి జరిగినప్పుడు మెర్స్క్ అనే ఓడరవాణా దిగ్గజానికి ఇదే జరిగింది. నెట్‌వర్క్‌కు ఆధారమైన సర్వర్లు ఒకదానికొకటి నకళ్లుగా ఉండేవి, అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలో ఒక్కటి మిగిలింది. దాడి సమయంలో అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌లో లేదు, అందుకే బతికింది. మీరు రెండు డిస్కులు కొనండి. సాయంత్రం ఒకదాని మీద బ్యాకప్ తీసి ఊడదీసి ఇంటికి పట్టుకెళ్లండి, మర్నాడు రెండోది వాడండి. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో పాత బిల్లు ఒకటి తెరిచి చూడండి. ఈ చివరి పని చేసినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఆ ఫోటోలో నన్ను ఇంకా భయపెట్టింది మానిటర్ అంచున అంటించిన పసుపు చీటీ. దాని మీద రిమోట్ యాక్సెస్ నంబరు, కింద పాస్‌వర్డ్ ఉన్నాయి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చూసే టెక్నీషియన్ ఊళ్లో ఉన్నా లేకపోయినా లోపలికి రావడానికి పెట్టుకున్న దారి అది. తనకున్న ఖాతాదారులందరికీ ఆయన అదే పాస్‌వర్డ్ పెట్టి ఉంటే ఒక షాపులో బయటపడిన అక్షరాలు మిగతా షాపులన్నీ తెరుస్తాయి. రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు, అంటే బయటి నుంచి కంప్యూటర్‌ను నడిపే దారి, తెరిచి వదిలేశారేమో కూడా చూడండి. అలాంటి పోర్టుల కోసం ఇంటర్నెట్‌ను యంత్రాలు రాత్రింబవళ్లు గాలిస్తూనే ఉంటాయి. మీ కంప్యూటర్లలోకి ఎవరెవరు రాగలరో ఇవాళే కాగితం మీద రాయండి. పని మానేసిన గుమాస్తా పేరు అందులో ఉంటే ఆ లాగిన్ వెంటనే తీసేయండి. అవసరమైనప్పుడు మాత్రమే రిమోట్ తెరవండి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ లాంటిది కూడా అడగడం) తప్పనిసరి చేయండి.

ఇక్కడ తప్పంతా మీదే అనను. కొన్ని సీసీ కెమెరాల రికార్డర్లు, చవక రూటర్లు ఇంకా ఊరందరికీ తెలిసిన పాస్‌వర్డ్‌తోనే పెట్టెలోంచి బయటికి వస్తున్నాయి. దాన్ని మార్చేదాకా పనిచేయకుండా ఆపడం తయారీదారుకు పెద్ద పనేమీ కాదు, అయినా కొందరు చేయరు. అప్‌డేట్లదీ ఇదే కథ. కౌంటరు దగ్గర పదిమంది నిలబడి ఉండగా కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయితే ఏ యజమాని అయినా వాటిని ఆపేస్తాడు. కానీ 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మార్చిలోనే అప్‌డేట్ రూపంలో మందు వచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. షాపు మూశాక అప్‌డేట్ జరిగేలా సమయం పెట్టండి.

ప్రస్తుతానికి ఆ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకండి, నెట్‌వర్క్ కేబుల్ ఊడదీసి పక్కన పెట్టండి. డబ్బు కట్టకండి, కట్టినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ లేదు. సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి. 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడి తెలిసిన 6 గంటల్లో వ్యాపార సంస్థలు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. మీకు ఆ గడువు దాటిపోయింది, అయినా ఇవాళే చెప్పండి. నో మోర్ రాన్సమ్ వెబ్‌సైట్‌లో కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కు తాళం తీసే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. మీది ఏ రకమో తేలేదాకా ఆ డిస్క్‌ను జాగ్రత్తగా దాచండి.