హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నిజంగా 12 గంటలేనా?

మీ అమ్మగారి టికెట్‌లో పొద్దున 4కు శంషాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం 4కు డల్లాస్‌లో దిగినట్టు ఉంది, అంటే 12 గంటలేనా అని అడిగారు. కాదండీ. ఎండాకాలంలో డల్లాస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో పదకొండున్నర. ఆ పదిన్నర కలిపితే ఇరవై రెండున్నర గంటలు.

నన్నడిగితే అదీ లెక్క కాదు. అక్క కాన్పుకు అమ్మను తీసుకెళ్లినప్పుడు దేవరకొండలో గడప దాటింది ముందురోజు రాత్రి 9కి. అక్క వాళ్లింట్లో చెప్పులు విడిచేసరికి దగ్గర దగ్గర 32 గంటలు. సాగనంపడానికి రెండు కార్ల నిండా చుట్టాలు! టికెట్ లేకుంటే లోపలికి రానివ్వరని చెప్తే ఒక్కరూ వినలేదు. పార్కింగ్ డబ్బులు మాత్రం నేనే కట్టాను.

దూరమంటారా, నేరుగా లెక్కేస్తే 14,400 కిలోమీటర్లు. మేము ఖతార్‌లోని దోహాలో విమానం మారాం కాబట్టి దాదాపు 15,700. దోహా దాకా నాలుగు గంటల చిల్లర, అక్కడి నుంచి ఏకబిగిన 16 గంటలు.

ఆ పదహారు గంటల్లోనే అసలు కథ. ముందు సీటు తెరమీద మ్యాప్ చూసి అమ్మకు టెన్షన్ పట్టుకుంది. "అమెరికా ఎడమచేతి దిక్కు అన్నవ్ గదరా, ఇదేంది పైకి పోతుంది?" విమానం గ్రీన్‌లాండ్ దిక్కు పోతోంది మరి. ఎంత చెప్పినా ఆమె తలకెక్కలేదు. ఆమె సంచిలో మా తోట బత్తాయిలు రెండున్నాయి. ఒకదాని మీద పెన్నుతో రెండు చుక్కలు పెట్టి, తొడిమ ఉత్తర ధ్రువం అనుకో, ఇది దోహా, ఇది డల్లాస్ అన్నాను. గుర్తుకోసం బ్యాగుకు కట్టిన ఎర్రదారం విప్పి, రెండు చుక్కల మధ్య బిగించి పట్టుకుంటే దారం తొడిమ వైపుకే జరిగింది. అమ్మ తనే రెండుసార్లు లాగి చూసింది. "అడ్డంగ పోతేనే చుట్టు తిరుగుడన్నట్టు" అంది.

అమెరికాలోకి తాజా పండ్లు తేనివ్వరు. దిగకముందే ఆ చుక్కల బత్తాయిని, రెండోదాన్ని ఇద్దరం తినేశాం.

వచ్చేటప్పుడు గంటకు పైనే కలిసొచ్చింది. పైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, వెనక నుంచి తోస్తుంది.

ఇంకోమాట. చక్కగా నడవగలిగే అమ్మలకు కూడా లైన్ తప్పుతుందని వీల్‌చైర్ రాయించే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిజంగా కాళ్లు లేవనివాళ్లు వెనక ఎదురుచూస్తుంటారు. దానికంటే మారే చోట మూడు గంటలకు తక్కువ కాకుండా టికెట్ చూడండి. మాకు దొరికింది రెండుంబావు. అక్కడ మళ్లీ సెక్యూరిటీ చెకింగ్, అమ్మ చేతి గాజులు ఊడిరావడానికే పావుగంట పట్టింది.