విజిల్ పట్టబోతున్న నీకు

నాన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం వచ్చిందన్న సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతా రెండు పేజీలూ భయాలే రాశావు. కోర్టులోనూ నువ్వంతే. మ్యాచి గెలిచి బయటికొచ్చాక కూడా పోయిన పాయింటు గురించే మాట్లాడేవాడివి. నీ భయాల్లో సగం ఉత్తుత్తివి. మిగతా సగం నేనూ పడినవే కాబట్టి వాటి గురించి రాస్తాను.

కాలేజీలో వాలీబాల్, బాస్కెట్‌బాల్, లాంగ్‌జంప్ మూడూ ఆడి, దేంట్లోనూ చివరి మెట్టు ఎక్కనివాణ్ణి పిల్లలకేం నేర్పగలనని కదా నీ గొడవ. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడని ఎవరో అన్నారట. నన్నూ అన్నారులే. నాకైతే మూడో పడవ కూడా ఉండేది.

బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ సంగతి నీకు తెలిసిందే. కానీ అతను కాలేజీలో ఏం ఆడాడో ఎప్పుడైనా చూశావా? రగ్బీ, వల కట్టిన కర్రలతో ఆడే లక్రాస్, సాకర్, జిమ్నాస్టిక్స్. 1891 చలికాలంలో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, నాలుగు గోడల మధ్య ఆడుకునే ఆటొకటి కావాలని పైవాళ్ళు అడిగితే, తను ఆడిన ఆటలన్నీ ముందు పరుచుకుని కూర్చున్నాడు. రగ్బీలో మనిషిని ఎందుకు పడదోస్తారు? బంతి పట్టుకుని పరిగెడతాడు కాబట్టి. అయితే ఆ పరుగే తీసేద్దాం. గోలు ఎదురుగా ఉంటే బంతిని బలంకొద్దీ విసురుతారు. అయితే ఆ గోలుని తల మీదికి ఎత్తేద్దాం. అలా 13 నియమాలు రాశాడు. ఒక్క ఆటే ఆడినవాడికి ఆ ఆలోచన రాదు. ఏ ఆటకి ఎక్కడ నొప్పో, ఎక్కడ అందమో పక్క ఆట ఆడితేనే కనిపిస్తుంది.

1892 మార్చిలో జనం ముందు జరిగిన మొదటి ఆటలో టీచర్ల జట్టు 5-1తో పిల్లల చేతిలో ఓడింది. ఆ ఒక్క పాయింటు వేసినాయన ఏమోస్ అలొంజో స్టాగ్. యేల్ యూనివర్సిటీలో బేస్‌బాల్ పిచర్, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. తర్వాత షికాగో యూనివర్సిటీలో 41 సీజన్లు ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్నాడు. ఇక నైస్మిత్ తనే కోచ్‌గా కాన్సస్ యూనివర్సిటీలో సాధించిన లెక్క వింటే నీ గుండె కుదుటపడుతుంది. 55 గెలుపులు, 60 ఓటములు. ఆ యూనివర్సిటీ జట్టుకి గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఇప్పటికీ ఆయనొక్కడే. ఆట కనిపెట్టినవాడి గతే అదైతే, మొదటి సీజన్లో నాలుగు మ్యాచిలు పోయాయని నువ్వు నిద్ర మానుకోనక్కర్లేదు.

నిన్ను కోచ్‌గా నిలబెట్టేవి నీ పతకాలు కావు. ఏడాదికి రెండుసార్లు నువ్వు ఏమీ రానివాడివయ్యావు చూడు, అది. బాస్కెట్‌బాల్ సీజను అయిపోయి జంపింగ్ పిట్ దగ్గరికి వచ్చిన మొదటి వారం నీ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. అంతకు ముందు వారం దాకా కెప్టెన్‌వి, ఇక్కడ నీకన్నా రెండేళ్ళు చిన్నవాడు నీ రన్-అప్ చూసి నవ్వుతున్నాడు. ఒకే ఆటలో పుట్టి పెరిగిన కోచ్ ఆ అవమానం ఎప్పుడో పదేళ్ళ వయసులో పడి మర్చిపోయి ఉంటాడు. నీకది పచ్చిగా ఉంది. కొత్తగా వచ్చిన పిల్లవాడు బంతి జారవిడిచి చుట్టూ ఎవరు చూశారా అని దొంగచూపులు చూసినప్పుడు, ఏం చేయాలో నీకొకరు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సిందల్లా నీ చేతకానితనం గురించి కాదు, చేతనైనతనం గురించి. నీ ఒళ్ళు మాట వింటుంది. చూసిందల్లా చేసేస్తుంది. ఎలా చేసిందో నీకే తెలీదు. కోచ్‌కి ఇంతకన్నా పెద్ద అడ్డంకి లేదు.

నా కథ చెబుతాను. నేను కోచ్‌నైన రెండో ఏడు, లాంగ్‌జంప్ నుంచి వాలీబాల్‌కి వచ్చిందొక అమ్మాయి. ఎగరడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. కానీ స్పైక్, అంటే నెట్టు మీదుగా బంతిని బలంగా కిందికి కొట్టే దెబ్బ, కొట్టడానికి ఎగిరితే ముందుకి కొట్టుకుపోయేది. చెయ్యి నెట్టుకి తగిలేది, లేదంటే పాదం మొత్తం గీత దాటి అవతలి కోర్టులో పడేది. రెండు వారాలు "పైకి ఎగురు, పైకి ఎగురు" అని అరిచాను. అది ఇంకా గట్టిగా ఎగిరింది, ఇంకా ముందుకి పోయింది. నాకు చిరాకేసి నేనే ఎగిరి చూపించాను. ఒకసారి కాదు, పది పన్నెండుసార్లు. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు బాగానే ఉంది. ఆ పిల్ల మాత్రం నా చేతినే చూస్తోంది. తప్పున్నది కాళ్ళలో.

ఆ రాత్రి నా కాళ్ళనే అడిగాను. వరండాలో నెమ్మదిగా నడుస్తూ, ముందు లాంగ్‌జంప్ చివరి అడుగులు, తర్వాత స్పైక్ చివరి అడుగులు. రెంటిలోనూ చివరికి ముందు అడుగు పొడుగ్గా పడుతుంది, నడుము కాస్త కిందికి దిగుతుంది. అక్కడిదాకా ఒకటే. తర్వాతే దారులు వేరు. లాంగ్‌జంప్‌లో ఆఖరి అడుగు చటుక్కున పడాలి, వేగం చావకూడదు, ఒంటికాలి మీద ఎగరాలి. స్పైక్‌లో ఆ పొడుగు అడుగే బ్రేకు. మడమ ముందు ఆని, రెండో కాలు పక్కకి వచ్చి చేరి, ముందుకి పోయే ఊపంతా పైకి తిరగాలి. ఆ అమ్మాయికి బ్రేకనేదే తెలీదు. బ్రేకు వేస్తే తిట్టే చోటు నుంచి వచ్చింది మరి!

మర్నాడు సుద్దముక్కతో నేల మీద నాలుగు పాదాలు గీశాను. బంతి లేదు, నెట్టు లేదు, ఎగరడమూ లేదు. "ఈ గుర్తు మీద మడమతో దిగి ఆగు" అన్నాను, అంతే. మొదటిసారి ఆగలేక ముందుకి తూలింది. నవ్వింది. ఆరో ఏడో సారికి ఆగింది. వారం తిరిగేసరికి నెట్టు తగలడం దాదాపు పోయింది. రెండు ఆటలూ ఆడి ఉండకపోతే ఆ గుర్తులు నేను గీయలేకపోయేదాన్ని. అయితే ఆ అరుపులూ, ఆ పన్నెండు ఎగుళ్ళూ మానేసి ఉంటే రెండు వారాల ముందే గీసేదాన్ని.

అందుకని ఒక షరతు పెట్టుకో. మొదటి నెల ఏదీ రెండుసార్లకు మించి చేసి చూపించకు. మూడోసారి నోటితో చెప్పు. చెప్పలేకపోతే, ఆ విషయం నీకు ఇంకా తెలీదన్నమాట. ఇంటికెళ్ళి నెమ్మదిగా నడిచి తెలుసుకుని మర్నాడు రా. ప్రాక్టీసు మ్యాచిలో ఒకడు తక్కువయ్యాడని నువ్వు దిగిపోకు. పిల్లల మీద గెలవాలన్న పాడుబుద్ధి ఆటగాళ్ళకి తొందరగా చావదు. నాకు నలభై దాటేదాకా చావలేదు, చివరికి మోకాలి లిగమెంటు తెగాక చచ్చింది.

చెప్పేటప్పుడు కూడా పొట్టిగా చెప్పు. జాన్ వుడెన్ అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకి 12 సీజన్లలో 10 ఛాంపియన్‌షిప్పులు తెచ్చినాయన. ఆయన ఆఖరి సీజన్‌లో, అంటే 1974-75లో, థార్ప్, గాలిమోర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ప్రాక్టీసులో ఆయన మాటలన్నీ లెక్క కట్టారు. దాదాపు ముప్పావు వంతు ఏం చేయాలి, ఎలా చేయాలి అనేవే. పొగడ్తలు తక్కువ, తిట్లూ తక్కువే. చిన్న చిన్న ముక్కలు, చెప్పి వదిలేసి మళ్ళీ ఆటలోకి. ఏటా మొదటి ప్రాక్టీసులో సాక్సు ముడత లేకుండా ఎలా తొడుక్కోవాలో, లేసు ఎలా బిగించాలో నేర్పేవాడు. కాలికి బొబ్బ ఎక్కినవాడు ప్రాక్టీసు చేయలేడు కదా. అంతటివాడికీ మొదటి టైటిల్ యూసీఎల్ఏలో 16వ సీజన్‌కి గానీ రాలేదు. నీకు నియామకం ఇచ్చినవాళ్ళు అంత ఓపిక పట్టరనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు నేను సిగ్గుపడే విషయం ఒకటి. నీలాగే రెండు ఆటలాడే పిల్లవాడు ఒకడు నా దగ్గరుండేవాడు. ఇంకో ఆటకి ఇంకో కోచ్. మా ఇద్దరికీ పడేది కాదు. పొద్దున ఆయన పరిగెత్తించేవాడు, సాయంత్రం నేను ఎగిరించేదాన్ని. వాడు మా ఇద్దరిలో ఎవరికీ కాదని చెప్పలేకపోయాడు. మోకాలి కింద ముందు ఎముక నొప్పి అంటే ఐసు పెట్టుకోమన్నాను. నెల తిరిగాక ఎముకలో సన్నటి చీలిక ఉందని తేలింది. ఆ సీజను మొత్తం గోడకి ఆనుకుని కూర్చుని చూశాడు. ఆ చీలిక ఏ దెబ్బ వల్లా రాలేదు, మా ఇద్దరి పంతం వల్ల వచ్చింది.

పిల్లవాడు రెండో ఆట ఆడుతున్నానంటే మానెయ్యమనకు. నువ్వే ఆ దారిన వచ్చినవాడివి. కానీ మొత్తం బరువు ఎంత పడుతోందో లెక్క చూడు. పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. ప్రాక్టీసు అయిన అరగంటకి "ఎంత కష్టంగా అనిపించింది, సున్నా నుంచి పది లోపు చెప్పు" అని అడుగు. ఆ అంకెని నిమిషాలతో హెచ్చవేయి. 60 నిమిషాలకి 7 అంటే 420. పొద్దున వేరే గ్రౌండులో 90 నిమిషాలకి 5 అంటే 450. రోజుకి 870. వారం వారం కూడి, నోటుబుక్కులో వాడి చేతనే రాయించు. అంకె ఒక్కసారిగా ఎగబాకిన వారం నీ వంతు తగ్గించుకో. అవతలి కోచ్‌కి ఫోను చెయ్యి. నువ్వే ముందు చెయ్యి, నామోషీ పడకు.

ఎదిగే వయసు పిల్లల విషయంలో ఇంకాస్త కనిపెట్టి ఉండాలి. ఆడపిల్లలు ఇంచుమించు 12 ఏళ్ళప్పుడు, మగపిల్లలు 14 అప్పుడు గబగబా పొడుగవుతారు. నిన్న వచ్చిన పని ఇవాళ రాదు. కాళ్ళూ చేతులూ ఎవరివో అన్నట్టుంటాయి. చాలామందికి మోకాలిచిప్ప కింద ఎముక బొడిపె దగ్గర నొప్పి వస్తుంది. అది బద్ధకం కాదు. ఆ నెలల్లో ఎగుళ్ళు తగ్గించి, బంతి మీద చెయ్యి కుదిరే పని ఎక్కువ పెట్టు. మూడు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి ఎత్తు గుర్తు పెట్టు. ఎందుకు తడబడుతున్నాడో గోడే చెబుతుంది.

విజిల్ పట్టేముందే సీపీఆర్, అంటే గుండె ఆగినవాడి ఛాతీని నొక్కి బతికించే పద్ధతి, నేర్చుకో. గ్రౌండులో గుండెకి షాకిచ్చే ఏఈడీ యంత్రం ఉందా, ఉంటే ఏ గదిలో ఉంది, ఆ గది తాళం ఎవరి దగ్గరుంది, ముందే కనుక్కో. తలకి దెబ్బ తగిలి మైకంగా ఉందన్న పిల్లవాడు ఆ రోజుకి మళ్ళీ ఆడడు, ఫైనలైనా సరే. ఎండదెబ్బతో మాట తడబడుతూ ఒళ్ళు కాలిపోతుంటే ముందు చల్లటి నీళ్ళల్లో ఉంచు, ఈలోగా అంబులెన్సుకి ఎవరో ఒకరు ఫోను చేస్తారు. వీటిమీద ఇంతకన్నా రాయను. ఇవి ఉత్తరం చదివి వచ్చేవి కావు, శిక్షణకి వెళ్ళు.

ఏ ఆట ఎంచుకోవాలని అడిగావు. ముందు ఒక్కదాన్నే తీసుకో, నీకు బాగా కష్టపడి వచ్చినదాన్ని. నీ విషయంలో అది లాంగ్‌జంప్ అనుకుంటాను. బాస్కెట్‌బాల్ నీకు ఊరికే వచ్చింది, అది నేర్పడం నీకు నరకం. మూడు జట్లూ నువ్వే చూసుకోగలవులే అని పైవాళ్ళు తప్పక అంటారు, మూడు ఆటలకి ఒక జీతం వాళ్ళకి లాభమే కదా. రెండేళ్ళదాకా ఒప్పుకోకు. కుదిరితే మొదటి ఏడాది ఎవరైనా ముసలి కోచ్ కింద సహాయకుడిగా ఉండు. జీతం తక్కువే. కానీ ఆ ఏడాది తప్పులు ఆయన పేరు మీద పోతాయి.

ఇంకొకటి నువ్వు అడగలేదు కానీ వస్తుంది. సీజను మొదటి మ్యాచి రోజు షూ లేసు బిగించుకుని, తర్వాత చేయడానికి పనేమీ లేక నిలబడతావు. ఆట మొదలవుతుంది, నీ కాళ్ళు లాగుతాయి, ఎవరూ నిన్ను పిలవరు. ఆ దిగులు చాలా రోజులు ఉంటుంది. నేను దాన్ని పిల్లల మీద అరుపులుగా మార్చుకున్నాను, అందుకు ఇప్పటికీ బాధే. నువ్వు పొద్దున్నే వేరే చోట, నీ ఈడువాళ్ళతో, ఎవరూ చూడని ఆట ఏదైనా ఆడుకో. ఓడినా పర్లేదనుకునే ఆట చూసుకో, నీకలాంటిది దొరికితే!

విజిళ్ళు రెండు కొనుక్కో, ఒకటి ఎప్పుడూ దొరకదు. ఎవరి గురించైనా నన్నడగాలంటే వీడియో పక్కనుంచి, నడుము ఎత్తులో తీసి పంపు. ఎదురుగా తీస్తే అడుగులు కనపడవు. జవాబు మాత్రం ఇప్పుడే రాయకు. గ్రౌండుకొచ్చే పిల్లలందరి పేర్లూ చూడకుండా రాయగలిగిన రోజున, ఆ పేర్లతోనే ఉత్తరం మొదలుపెట్టు.

నీ మేడమ్