కొత్త తారు రోడ్డు అంచున పడి కాలు విరిగింది: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లె. మా ఊరి మీదుగా వెళ్లే రాష్ట్ర రహదారికి ఇటీవల కొత్తగా తారు వేశారు. రోడ్డు ఎత్తు పెరిగింది గానీ పక్కన మట్టి పోయలేదు. అంచు దాదాపు ఆరంగుళాల దిగుడుగా ఉంది, హెచ్చరిక బోర్డు ఒక్కటీ లేదు. రాత్రివేళ ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వబోయి మా తమ్ముడు బైకుతో సహా పడిపోయాడు. కాలు విరిగి రాడ్డు వేశారు. లారీ బైకును తాకలేదు, ఆగలేదు. పోలీసులు ‘సెల్ఫ్ యాక్సిడెంట్’ అంటున్నారు. రోడ్డు వేసినవారిని అడిగే వీలుందా?

జవాబు: ఉంది. సురక్షితమైన రోడ్డు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 జూలైలో మరోసారి చెప్పింది. అయితే మీ కేసు నిలబడేది ఆ సూత్రం మీద కన్నా మీరు ఇప్పుడు భద్రపరచే సాక్ష్యం మీద. రేపో మాపో ఒక ట్రాక్టరు గ్రావెల్ పోసి రోలర్ తిప్పితే ఆ దిగుడు ఆనవాలు కూడా మిగలదు కాబట్టి, ముందుగా టేపు అంచుకు ఆనించి కొలత కనిపించేలా, కిలోమీటరు రాయి కూడా పడేలా, పగలూ రాత్రీ ఫొటోలు తీయండి. పోలీసులు గీసే స్థలం స్కెచ్‌లో ఆ దిగుడు కొలత, బోర్డులు లేవన్న విషయం నమోదు కావాలని రాతపూర్వకంగా కోరండి. స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపవచ్చు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గానీ వైకల్యం గానీ సంభవిస్తే సంబంధిత అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఆ సొమ్ము ప్రమాదాల నిధికి వెళుతుందే తప్ప మీ తమ్ముడి చేతికి రాదు. ఇది ఈ సెక్షన్‌లోని పెద్ద లోపమని నా అభిప్రాయం. అయినా అది మీకు మరో విధంగా ఉపయోగపడుతుంది. కోర్టు చూడవలసిన అంశాలలో, ఆ రోడ్డు ప్రమాదకరంగా ఉందని అధికారులకు తెలుసా, లేక తెలిసి ఉండవలసిందా అన్నదీ, వెంటనే బాగుచేసే వీలు లేనప్పుడు హెచ్చరికలు పెట్టారా అన్నదీ ఉన్నాయి. ప్రమాదానికి ముందు మీ ఊరివాళ్లెవరైనా రోడ్లు భవనాల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు) గానీ పంచాయతీకి గానీ అర్జీ ఇచ్చి ఉంటే దాని నకలు మీ కేసుకు ప్రాణాధారం. లేకపోతే ఈరోజే ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) రిజిస్టర్డు పోస్టులో ఒకటి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒకటి ఇచ్చి రసీదు దాచుకోండి. మీ తమ్ముడి కేసుకు అది ఆలస్యమైనా, అదే చోట మరొకరు పడితే ఎవరూ ‘మాకు తెలియదు’ అనలేరు.

సమాచార హక్కు చట్టం కింద ఆ పని అంచనా, ఒప్పందం, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు కోరండి. సాధారణ గడువు 30 రోజులు. అదే చట్టం 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయడానికీ, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరణతో తీసుకోవడానికీ కూడా హక్కు ఉంది. అంచున గ్రావెల్ పోసి అణచినట్లు ఎం-బుక్‌లో రాసి బిల్లు చెల్లించి ఉంటే, మీ ఫొటోలను దాని పక్కన పెడితే చాలు. ఒప్పందంలో లోపాలను సరిదిద్దవలసిన గడువు ఎంతవరకు ఉందో కూడా చూడండి.

దిగుడును పూడ్పించడానికి నష్టపరిహారం తేలేదాకా ఆగనక్కరలేదు. నాగరిక్ సురక్షా సంహిత 152 కింద ప్రజా మార్గంలోని అపాయాన్ని తొలగించమని ఆర్డీఓ ఆదేశించవచ్చు. పాత చట్టంలోని ఇదే అధికారాన్ని గురించి, డబ్బు లేదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో తేల్చి చెప్పింది.

ఇక పరిహారం. లారీ ఎవరిదో తెలియదు, పైగా అది తాకలేదు కనుక మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దారి మీకు ఇరుకు. లారీ నంబరు దొరికే అవకాశం ఉంటే మాత్రం, మోటారు వాహనాల చట్టంలో సవరించిన 166(3) సెక్షన్‌లోని ఆరు నెలల గడువును దృష్టిలో పెట్టుకుని ఆలోగానే దరఖాస్తు వేయండి. రోడ్డు లోపం మీదనైతే శాఖనూ కాంట్రాక్టరునూ కలిపి ప్రతివాదులుగా చేర్చి సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయడం మేలు. అందుకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80 కింద ప్రభుత్వానికి నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. నిర్లక్ష్యం కాగితాల మీదే స్పష్టంగా కనిపిస్తే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ కూడా వేయవచ్చు. బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో గుంతల వల్ల మరణించినవారి కుటుంబాలకు 6 లక్షల రూపాయలు, గాయపడినవారికి 50 వేల నుంచి 2.5 లక్షల వరకు ఇవ్వాలని ఆదేశించింది. అది మన రాష్ట్రంలో కట్టుబడి తీరవలసిన తీర్పు కాకపోయినా, ఇక్కడి న్యాయమూర్తుల ముందు ఉంచదగినదే.

మీ తమ్ముడి వేగం, లైసెన్సు, హెల్మెట్ గురించి అవతలివారు తప్పక అడుగుతారు. హెల్మెట్ లేకపోయినా దెబ్బ కాలికి తగిలింది కాబట్టి ఆ ఒక్క కారణంతో పరిహారం తగ్గించమనడం సబబు కాదని వాదించవచ్చు. జరిగినది జరిగినట్లు చెప్పమనండి. ఊండ్ సర్టిఫికెట్ (డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రం), ఆపరేషన్ బిల్లులు, పనికి వెళ్లలేని రోజులకు ఆధారాలు ఒకచోట పెట్టుకుని, లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. అర్హత ఉంటే ఉచితంగా లాయరును ఇస్తారు.